ఏడో సూచన

మార్కాపురంలో, కంభంలో, గిద్దలూరులో, తర్లుపాడులో మా బంధువులు, తెలిసినవాళ్ళు కలిపి ఇరవై ముప్పై ఇళ్ళల్లో నేను రాసిన కాయితం ఒకటి ఉంది. అటూ ఇటూ నా చేతిరాత, దానికి జిరాక్సు. పైన "పిల్లలతో హైదరాబాద్ పార్కులకు వెళ్ళేవారికి" అని పెద్దక్షరాలు, కింద పది సూచనలు. పిల్లలకు సెలవులిచ్చే ముందు ఎవరో ఒకరు ఫోన్ చేసి ఆ కాయితం ఫోటో తీసి పంపమంటారు. తొమ్మిది సూచనల వరకూ అది మంచి కాయితమే. ఏడోది మాత్రం నేను రాయకూడనిది. రాశాను, పంచాను, నలుగురూ మెచ్చుకుంటే సంతోషపడ్డాను. దాని కథ చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా పడమటి ప్రకాశం పిల్లలకు సరదా అంటే తిరునాళ్ళే. త్రిపురాంతకంలో శివరాత్రి, మార్కాపురంలో చెన్నకేశవస్వామి బ్రహ్మోత్సవాలు, ఎండాకాలంలో ఎగ్జిబిషన్ దిగితే రంగులరాట్నం, జెయింట్ వీలు, పడవలా ఊగే కొలంబస్. అక్కడ కొలతలుండవు. రాట్నం తిప్పేవాడు పిల్లాణ్ణి ఓసారి చూసి "మధ్యలో కూర్చోబెట్టమ్మా" అంటాడు, అంతే. టీవీలో, ఫోన్లో పెద్ద పెద్ద పార్కుల్ని చూసిన పిల్లలు ఇప్పుడు దాంతో ఆగరు. వాళ్ళకు హైదరాబాద్ కావాలి.

హైదరాబాద్ వెళ్ళడం మాకు చిన్న పని కాదు. దోర్నాల దాటితే నల్లమల. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా శ్రీశైలం దారిలో బండ్లు వదలరు. ఐదుకి మార్కాపురంలో బయలుదేరితే గేటు తీసే వేళకు దోర్నాలలో ఉంటాం. గిద్దలూరు వాళ్ళు మూడున్నరకే లేవాలి. ఘాటు దిగి, డ్యాము దాటి, మళ్ళీ ఘాటెక్కి, మన్ననూరు మీదుగా పట్నం పొలిమేర చేరేసరికి పదకొండు దాటుతుంది. అదే రోజు తిరిగి రావాలంటే తొమ్మిదిలోపు మన్ననూరు గేటు దాటాలి గనుక సాయంత్రం ఐదుకల్లా పార్కు వదలాలి. ఇదీ నా మొదటి సూచన. రాత్రికి పట్నంలో చుట్టాలింట్లో ఆగగలిగితే మేలని పక్కనే బ్రాకెట్లో రాశాను.

రెండోది, ఎవరెవరితో వెళ్తే ఏది చూడాలో. ముసలివాళ్ళు, చంటిపిల్లలు ఉంటే 1996లో మొదలైన రామోజీ ఫిలింసిటీ. ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో సముదాయమని గిన్నిస్ బుక్‌కెక్కింది. సెట్ల మధ్య బస్సులో తిప్పుతారు, నడవలేనివాళ్ళకు తేలిక. తిరిగే ఆటలు, పల్టీలు కొట్టే రైళ్ళు కావాలంటే ఔటర్ రింగు రోడ్డు పక్కన రావిర్యాలలో వండర్‌లా. 2000లో కొచ్చిలో వీగాలాండ్ పేరుతో పార్కు తెరిచిన సంస్థే 2016లో ఇక్కడ దీన్ని పెట్టింది. ఐదారేళ్ళ లోపు పిల్లలకు ఇవేవీ అక్కర్లేదు. 1963లో తెరిచిన నెహ్రూ జూపార్కు, 1985 నాటి బిర్లా నక్షత్రశాల, హుస్సేన్‌సాగర్ పక్కన లుంబినీ పార్కు చాలు. నా అనుభవంలో చిన్నపిల్లలు ఏనుగును గుర్తుపెట్టుకున్నట్టు రోలర్ కోస్టర్‌ను గుర్తుపెట్టుకోరు.

మూడోది బట్టల గురించి. నీళ్ళ ఆటల్లోకి చాలా చోట్ల నూలుబట్టలతో, చీరలతో రానివ్వరు. నూలు నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, పోగులు ఊడి నీళ్ళు శుద్ధిచేసే యంత్రాల్లో చిక్కుకుంటాయి. కొంగులు, చున్నీలు జారుడుబల్లల మీద చుట్టుకుంటే ప్రమాదం. నైలాన్ బట్టలు అక్కడ కొనేకంటే ముందే ఇక్కడ కుట్టించుకోవడం నయం. మా ఆడవాళ్ళు తాళిబొట్టు గొలుసు గురించి బాగా బెంగపెట్టుకుంటారు. అందుకే నాలుగోది: బంగారం ఇంట్లో పెట్టి, పసుపుతాడుతో రండి. ఐదోది: పెద్ద ఆటలు ఉదయమే, కడుపు తేలిగ్గా ఉన్నప్పుడే ఎక్కాలి, నీళ్ళ ఆటలు మధ్యాహ్నం ఎండలో. ఆరోది: బయటి తిండి లోపలికి రానివ్వరు, పులిహోర, పెరుగన్నం కార్లోనే ఉంచి, ముందే తినేసి లోపలికి వెళ్ళాలి. ఎనిమిది, తొమ్మిది, పది లాకర్లు, మందులు, తప్పిపోతే కలుసుకునే చోటు. ఇప్పటికీ వీటిలో మార్చాల్సింది నాకేమీ కనపడదు.

ఏడోది ఇలా ఉంటుంది, ఉన్నది ఉన్నట్టు: "టికెట్టు పిల్లల ఎత్తును బట్టి ఉంటుంది. గీతకు దగ్గర్లో ఉన్న పిల్లల్ని మోకాళ్ళు కాస్త వంచి నిలబడమనండి. పొడుగు గౌనో లంగానో వేస్తే తెలియదు. మనిషికి రెండొందల పైనే మిగులుతుంది."

ఇది నేను కనిపెట్టిన విద్య కాదు. నా చిన్నప్పుడు ఆర్టీసీ బస్సెక్కితే ఐదేళ్ళు నిండినవాడికి అరటికెట్టు. నాకు ఏడేళ్ళు వచ్చేదాకా మా ఇంట్లో నాకు ఐదు నిండలేదు. కండక్టర్ అడిగితే మా అమ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుని "ఇంకా బళ్ళో కూడా ఎయ్యలేదయ్యా" అనేది. పలకా బలపం ఉన్న సంచి ఆమె కాళ్ళ దగ్గరే ఉండేది. అమ్మను తప్పుపట్టను. మా నాన్న పలకల గనిలో పొరలు విడదీసే కూలీ, ఆ రోజు మిగిలిన రూపాయి ఇంట్లో ఉప్పుకో చింతపండుకో పనికొచ్చేది. నా సంగతి వేరు. నాకు నెలజీతం ఉంది, అద్దె కారులో కుటుంబాన్ని హైదరాబాద్ తీసుకెళ్ళే స్తోమత ఉంది. అమ్మ అవసరం కొద్దీ చేసిన పనిని నేను తెలివితేటల కింద జమకట్టుకున్నాను. 2018 ఎండాకాలంలో మా అక్క కొడుకును తీసుకెళ్ళినప్పుడు మొదటిసారి ప్రయోగించాను, పారింది. ఆ వారమే కాయితం రాశాను.

2019 దసరా సెలవులకు మా పిల్లల్ని తీసుకెళ్ళాను. అమ్మాయికి పదేళ్ళు, అబ్బాయికి ఆరు. ఏ పార్కో చెప్పను. అక్కడివాళ్ళు చెయ్యాల్సిందంతా సరిగ్గానే చేశారు, పేరు చెప్పి వాళ్ళను ఇందులోకి లాగడం న్యాయం కాదు. మేం వెళ్ళిన చోట నూట నలభై సెంటీమీటర్ల దగ్గర గీత. దానికి లోపల పిల్లల టికెట్టు, దాటితే పెద్ద టికెట్టు. పెద్ద ఆటలకూ అదే గీత. అది దాటినవాళ్ళనే ఎక్కనిస్తారు. నా కాయితంలో మొదటి సగం ఉంది, రెండో సగం గురించి నేను ఆలోచించలేదు.

వరసలో నిలబడినప్పుడు అమ్మాయి చెవిలో చెప్పాను. "గోడ దగ్గర మోకాళ్ళు కొంచెం వంచమ్మా." ఎందుకని అడగలేదు. ఆకుపచ్చ పరికిణీ వేసుకుంది, అంచు నేలను తాకుతోంది. కొలిచే అమ్మాయి నవ్వుతూ "చిన్నదే" అంది. మా అమ్మాయి మణికట్టుకు పిల్లల రంగు పట్టీ చుట్టారు. డబ్బులు మిగిలాయి. నేను లోపలికి నడుస్తూ మా ఆవిడ వైపు చూశాను, మెచ్చుకుంటుందనుకుని. ఆమె వేరేవైపు చూస్తోంది.

మా అమ్మాయి ఆ పార్కుకు వచ్చింది ఒకే ఒక్క ఆట కోసం. ముందుకు వెళ్ళి పల్టీ కొట్టి, మళ్ళీ వెనక్కి అదే దారిలో పల్టీ కొట్టే రైలు. నెలరోజులుగా దాని వీడియోలు చూస్తోంది. ఆ బండికి ఇంజను ఉండదట, గొలుసుతో పైకి లాగి వదిలేస్తారట, అక్కడినుంచి దాని బరువే దాన్ని నడిపిస్తుందట, అన్నీ నాకు తనే చెప్పింది. నలభై నిమిషాలు వరసలో నిలబడ్డాం. ముందు కొలిచే స్తంభం. అక్కడ నిలబడ్డ కుర్రాడు "పాపా, సీదా నిలబడు" అన్నాడు.

అమ్మాయి స్తంభానికి వీపు ఆనించి నా వైపు చూసింది. చూస్తూ మెల్లగా మోకాళ్ళు వంచింది.

"సీదా నిలబడమ్మా" అన్నాడు కుర్రాడు మళ్ళీ.

తను నన్నే చూస్తూ అడిగింది. "నాన్నా, ఇప్పుడు ఎంత ఎత్తుండాలి?"

చుట్టూ మనుషులున్నారు. ఆ కుర్రాడు విన్నాడు. వెనక నిలబడ్డవాళ్ళు విన్నారు. నేను "సరిగ్గా నిలబడు" అన్నాను. నిలబడింది. నెత్తి గీతను దాటింది, కొద్దిగానే అయినా స్పష్టంగా. కుర్రాడు పాప చేతి పట్టీ చూశాడు, నా మొహం చూశాడు, గొంతు తగ్గించాడు. "అన్నా, పాప పొడుగే ఉంది గానీ పట్టీ పిల్లలది. కౌంటర్ల ఫరక్ కట్టి రాండ్రి. నేను పాపను ముంగటనే నిలబెడ్త, మళ్ళ లైన్ల నిలబడొద్దు."

ఇంతకంటే మంచిగా ఎవరూ చెప్పలేరు. నేను వెళ్ళి రెండొందల ముప్పై రూపాయలు కట్టి ఉంటే పది నిమిషాల్లో అయిపోయేది. కానీ కౌంటర్లో కూర్చున్న అమ్మాయి మొహం గుర్తొచ్చింది. ఆమె ముందుకు వెళ్ళి, ఇందాక అబద్ధమాడామని ఒప్పుకోవాలి. నాకు నోరు రాలేదు. "వద్దులే బాబూ, దానికి కళ్ళు తిరుగుతాయి" అన్నాను. అమ్మాయి చెయ్యి పట్టుకుని వరస పక్కనుంచి వెనక్కి నడిచాను. ఒక అబద్ధానికి సిగ్గుపడి రెండోది ఆడాను. ఆ రెండోది కూడా అమ్మాయి మీదే వేశాను.

ఏడవలేదు. అడగలేదు. ఆ మధ్యాహ్నమంతా కటకటాల దగ్గర నిలబడి ఆ రైలు ఎన్నిసార్లు వెళ్ళిందో చూస్తూ, చేతి పట్టీని వేలితో తిప్పుతూ, రంగు ఉన్నవైపు లోపలికి పోయేలా చేసుకుంది. ఆ వేలి కదలిక నా కళ్ళముందు నుంచి ఇంకా పోలేదు. తిరుగు ప్రయాణంలో మన్ననూరు దాటాక, పిల్లలు నిద్రపోయాక మా ఆవిడ అడిగింది.

"ఎంత మిగిలాయండీ?"

"రెండొందల ముప్పై."

దోర్నాల దాకా ఆమె మళ్ళీ మాట్లాడలేదు.

అప్పుడైనా నాకు బుద్ధి రావాలి. రాలేదు. పిల్ల అమాయకంగా ఏదో అనేసిందని, మరుసటి ఏడు చూసుకోవచ్చని సర్దుకున్నాను. కాయితం సంగతి గుర్తుకే రాలేదు. నా మూర్ఖత్వంలో అన్నిటికంటే నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ భాగమే. నా కూతురు నన్ను ప్రశ్న అడిగి మూడు నెలలైనా ఆ కాయితం ఇళ్ళల్లో తిరుగుతూనే ఉంది.

2020 సంక్రాంతి సెలవుల్లో గిద్దలూరు నుంచి మా మేనత్త కొడుకు, వరసకు బావమరిది, పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ వెళ్ళాడు. సాయంత్రం అక్కడి నుంచే ఫోన్. బాగా కోపంగా ఉన్నాడు.

"బావా, నీ కాయితం పట్టుకునే వచ్చినా. ఏడోది తిరగేసి వాడినా."

"తిరగేసి అంటే?"

"మావోడు ఆ పెద్ద రైలెక్కుతానని ఒకటే ఏడుపు. గీతకి రెండు వేళ్ళ మందం తక్కువుండాడు. బూట్లలో మడమల కింద జేబురుమాళ్ళు మడతపెట్టి తొడిగించినా. గీత దగ్గర పోనిచ్చినారు. సీట్లో కూర్చున్నాక మళ్ళీ దించేసినారు బావా! అంతమందిలో. ఒక్క అంగుళానికి ఏమైద్ది?"

ఎలా దించారో అడిగాను. చెప్పాడు. భుజాల మీదుగా కిందికి దిగే మెత్తటి కడ్డీని బిగించాక, అక్కడి మనిషి ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి దాన్ని లాగి చూశాడు. పిల్లాడి దగ్గరికొచ్చాక వాడి రొమ్ముకీ కడ్డీకీ మధ్య తన అరచెయ్యి పెట్టాడు. చెయ్యి అటునుంచి ఇటు దూరిపోయింది. వెంటనే బండి ఆపించి, కడ్డీ ఎత్తి, పిల్లాణ్ణి ఎత్తుకుని దించాడు.

ఆ మాట విన్నప్పుడు నా ఒళ్ళు చల్లబడింది. ఫోన్ పెట్టేశాక కూడా ఆ అరచెయ్యే కనపడింది.

ఆ గీత ఎందుకుందో అప్పుడు చదువుకున్నాను, ముందే చదవాల్సింది. 1955 జూలై 17న అమెరికాలోని కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ తెరిచిన నాలుగేళ్ళకు, 1959లో, అక్కడే ఉక్కు గొట్టాలతో వేసిన పట్టాల మీద మొదటి రోలర్ కోస్టర్ వచ్చింది. చెక్క పట్టాలతో సాధ్యంకాని మెలికలు గొట్టాలతో సాధ్యమయ్యాయి. 1975లో కాలిఫోర్నియాలోనే మనిషిని తలకిందులు చేసే కార్క్‌స్క్రూ వచ్చింది. అప్పటినుంచి కూర్చున్న మనిషి సీట్లో ఉండటం అనేది ఆ కడ్డీ మీద ఆధారపడిన పని అయిపోయింది. బండి శిఖరం దాటి కిందికి పడేటప్పుడు ఒంటి బరువు పోయినట్టై మనిషి సీటు నుంచి లేస్తాడు. ఆ క్షణంలో కడ్డీ తొడల మీద, భుజాల మీద, ఎముక ఉన్నచోట ఆనాలి. పొట్టి పిల్లాడికి అది ఎముక మీద ఆనదు. పొట్ట మీద ఆనుతుంది, లేదా అసలు ఆనకుండా ఖాళీ మిగులుతుంది. కాళ్ళు నేలకందవు గనుక తన్నిపట్టి కూర్చోలేడు. ఆ ఎత్తును లెక్కగట్టి చెప్పేది సాధారణంగా ఆటను తయారుచేసినవాళ్ళు. గేటు దగ్గరి కుర్రాడికి దాన్ని సడలించే అధికారం లేదు, ఉండకూడదు. జేబురుమాలు బూటులో ఎత్తు పెంచుతుంది. భుజాన్ని పెంచదు.

ఇది నాకు ఇంకొకరు చెప్పాల్సిన సంగతా? నా ఉద్యోగమే కొలత. మార్కాపురం పలక రాయిని ఇళ్ళ కప్పులకు, నేలకు వాడే పెంకుల కింద కోసి బయటిదేశాలకు పంపే యూనిట్‌లో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నాను. బడిపిల్లల పలకలు తగ్గిపోయి, నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక మా ఊరి ఫ్యాక్టరీలు చాలావరకు మూతపడ్డాయి. మిగిలినవి కొలత మీద బతుకుతున్నాయి. ఒక్కో పెంకును చేతిలోకి తీసుకుని, గేజితో మందం చూసి, తర్వాత వేలి ఎముకతో తడతాను. మంచి రాయి ఖణేల్‌మంటుంది. లోపల కంటికి కనపడని పగులుంటే గొంతు పూడుకుపోయినట్టు మోగుతుంది. అలాంటిదాన్ని పక్కన పెట్టేస్తాను. ఎక్కడో సముద్రాలవతల, నాకు తెలియని మనిషి నెత్తిమీది కప్పు కోసం ఒక్క మిల్లీమీటరు తేడాను కూడా ఇరవై ఏళ్ళలో నేను ఒప్పుకోలేదు. నా సొంత బిడ్డను గోడకు నిలబెట్టి తప్పుడు కొలత ఇప్పించాను.

ఆ రాత్రి బావమరిదికి మళ్ళీ ఫోన్ చేశాను. "తప్పు వాళ్ళది కాదు, నాది" అన్నాను. "నువ్వు కాయితంలో ఎత్తు తగ్గించమని రాసినావు గానీ పెంచమని రాయలేదు గదా బావా, నీదెట్టా తప్పు?" అన్నాడు. వాడు నన్ను ఓదారుద్దామనే అన్నాడు. కానీ కొలత మనిష్టం అని ముందు చెప్పిందే నేను. తగ్గించవచ్చని ఒకడు రాస్తే పెంచవచ్చని ఇంకొకడు అనుకోవడంలో ఆశ్చర్యం ఏముంది?

మర్నాడు అమ్మాయిని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను. ఆ రోజు నీ చేత తప్పు చేయించాను, కళ్ళు తిరుగుతాయని అన్నది కూడా అబద్ధం, డబ్బు కట్టడానికి సిగ్గుపడి అలా అన్నాను అని. "నాకు తెలుసు నాన్నా" అంది. అంతే అంది. తర్వాత లేచి వెళ్ళి బళ్ళో ఇచ్చిన ఆరోగ్య కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆగస్టులో కొలిచారు. నూట నలభై ఒకటి. ఆ కార్డు మీద తండ్రి సంతకం ఉండేచోట నా సంతకమే ఉంది.

ఇంట్లో తలుపుచట్టం పక్క గోడకు నిలబెట్టి, ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన ఉక్కు టేపుతో కొలిచాను. చెప్పులు విప్పి, మడమలు గోడకు ఆనించి, తలమీద పలక బల్లపరుపుగా పెట్టి. నూట నలభై మూడు. తనే బలపంతో గీత గీసి తేదీ రాసింది. ఆ మార్చిలోనే కరోనా వచ్చి పార్కులన్నీ మూతపడ్డాయి. మళ్ళీ వెళ్ళడానికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళలో గోడమీద గీతలు ఒకదాని మీద ఒకటి పెరుగుతూ పోయాయి, పక్కన తమ్ముడివి కూడా.

ఈలోగా మేం ఎక్కడికీ వెళ్ళలేదని కాదు. కంభం చెరువుకు చాలాసార్లు వెళ్ళాం. రెండు కొండల మధ్య గుండ్లకమ్మ దారికి అడ్డంగా విజయనగర కాలంలో వేసిన కట్ట. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల్లో చేర్చింది. కట్టమీద నిలబడి అంత నీటిని చూస్తే పిల్లలు ఎంతసేపైనా కదలరు. భైరవకోనలో ఒకే కొండను తొలిచి చెక్కిన ఎనిమిది గుడులకూ తీసుకెళ్ళాను. హైదరాబాద్ పార్కులకు ఇవి బదులని నేను చెప్పను. పల్టీ కొట్టే రైలు కావాలన్న పిల్లకు చెరువు చూపించి సరిపెట్టడం మళ్ళీ ఇంకో రకం మోసం. దేనికదే.

2023 దసరాకు మళ్ళీ వెళ్ళాం. అమ్మాయికి పద్నాలుగు, అబ్బాయికి పది. వరసలో అబ్బాయి నా చొక్కా లాగాడు. మెల్లగా అడిగాడు.

"నాన్నా, మోకాళ్ళు వంచాలా?"

గుండె ఆగినంత పనైంది. వాడితో నేనెప్పుడూ ఆ మాట అనలేదు. "ఎవరు చెప్పార్రా నీకు?"

"మా క్లాసులో ఒకడు చెప్పాడు. వాళ్ళింట్లో కాయితం ఉందంట."

ఐదేళ్ళు తిరిగి తిరిగి నా చేతిరాత నా కొడుకు నోటికే వచ్చింది. నేను ఏదో అనబోయేలోపు వాళ్ళక్క వాడి ముందు వంగి, బూట్ల లేసులు విప్పింది. "నిటారుగా నిలబడు. ఎంతుంటే అంతే" అంది. నిలబడ్డాడు. నూట ముప్పై ఎనిమిది. పిల్లల టికెట్టే. సంతోషపడి లోపలికి వచ్చాడు గానీ, పెద్ద రైలు దగ్గరికి వచ్చేసరికి రెండు సెంటీమీటర్లు తక్కువని తెలిసి కటకటాలు పట్టుకుని ఏడ్చాడు. ఏడవనిచ్చాను. పక్కనే నిలబడ్డాను. వచ్చే ఏడు ఎక్కుదువులే అని చెప్పాను, అది నిజమే గనుక.

అమ్మాయి ఒక్కతే ఎక్కింది. పెద్ద టికెట్టుతో, నాలుగేళ్ళు ఆలస్యంగా. ముందుకు వెళ్ళి, పల్టీ కొట్టి, శిఖరం మీద ఓ క్షణం ఆగి, వెనక్కి అదే దారిలో వచ్చింది. దిగి వచ్చాక కాళ్ళు వణుకుతున్నాయి, జుట్టంతా చెదిరిపోయింది. "ఎలా ఉందమ్మా?" అన్నాను. "పదేళ్ళప్పుడు ఎక్కుంటే ఇంకా బాగుండేది" అంది. నన్ను నొప్పించాలని కాదు. అడిగానని చెప్పింది.

ఇంటికొచ్చాక కాయితం కొత్తగా రాశాను. పాతది ఎవరెవరికి ఇచ్చానో గుర్తున్నవాళ్ళందరికీ ఫోన్ చేశాను. కొందరు నవ్వారు, కొందరు ఇంత చిన్నదానికి ఇంత గొడవెందుకన్నారు. ఫోటోలుగా ఎన్ని చేతులు మారిందో నాకు తెలియదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పడమటి ప్రకాశంలో గానీ, ఇంకెక్కడైనా గానీ, "పిల్లలతో హైదరాబాద్ పార్కులకు వెళ్ళేవారికి" అని పెద్దక్షరాలున్న కాయితం మీ ఇంట్లో ఉంటే, దయచేసి ఏడో సూచన కొట్టేయండి. ఆ ఖాళీలో ఇది రాసుకోండి: బయలుదేరే ముందురోజు పిల్లల్ని చెప్పుల్లేకుండా గోడకు నిలబెట్టి కొలవండి. ఆ అంకె వాళ్ళకే చెప్పండి. అక్కడ ఎవరడిగినా వాళ్ళనే చెప్పనివ్వండి. ఆ అంకెకు ఎంత టికెట్టైతే అంత కట్టండి.